అల తప్పా, వల తప్పా?

అల: కేరళ తీరంలోని నూనె కవళ్ల లెక్కతోనే మొదలుపెడతాను. 2012లో ఆ ఒక్క రాష్ట్రంలోనే దాదాపు 3.9 లక్షల టన్నులు ఒడ్డుకు చేరాయి. 2021లో చేరినవి 3,297 టన్నులు. నూటికి ఒక పాలు కూడా కాదు. మరుసటి ఏడాదికే మళ్లీ లక్షా పది వేల టన్నులు. 2024 నాటికి లక్షన్నరకు దగ్గరగా వచ్చింది. ఇవి కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వేసిన లెక్కలు. 2021లో ఉన్న బోట్లే 2022లోనూ ఉన్నాయి. వలలు అవే, వాటిని లాగిన చేతులూ అవే. మారింది సముద్రం. చేపను తీసుకుపోయిందీ అదే, తెచ్చి ఇచ్చిందీ అదే. అలాంటప్పుడు తప్పు వల మీద ఎందుకు మోపాలి?

వల: మీ లెక్కలో నాకు పేచీ లేదు. దాన్నుంచి మీరు తీసిన సారంతోనే పేచీ. నూనె కవళ్లు ఏడాది తిరిగేలోగానే గుడ్లు పెట్టే వయసుకు వస్తాయి. రెండేళ్లు దాటి బతికేవి తక్కువ. అంత పొట్టి బతుకు గల చేప త్వరగా పడుతుంది, త్వరగా లేస్తుంది. లేచింది కాబట్టి దెబ్బే తగల్లేదనడం, జ్వరం తగ్గింది కాబట్టి రోగమే లేదనడం లాంటిది. పైగా లేచింది ఎంతవరకు? 2024లో కూడా 2012 నాటి పంటలో సగానికి రాలేదు. 2012ను మనం మామూలు ఏడాది అనుకున్నాం. ఆ అంకెకు తగ్గట్టు బోట్లు కట్టుకున్నాం, పెద్ద రింగు వలలు వేసుకున్నాం, చేపల పొడి కార్ఖానాలు పెట్టుకున్నాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇవేవీ దాంతోపాటు వెనక్కి తగ్గలేదు. పది సెంటీమీటర్లు కూడా లేని పిల్ల కవళ్లను సైతం ఊడ్చుకొచ్చారు. చివరికి ఆ కొలతకు తక్కువైన వాటిని పట్టకూడదని కేరళ నిబంధన పెట్టాల్సి వచ్చింది. సముద్రమే అంతా చేస్తే ఆ నిబంధనతో పనేముంది?

అల: నిబంధన వద్దని నేను అనడం లేదు. కారణం ఏమిటన్నదే నా ప్రశ్న. దానికి సాక్ష్యం మనిషి రాసుకున్న లెక్కల్లో దొరకదు, సముద్రం రాసుకున్న లెక్కల్లో దొరుకుతుంది. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా శాంటా బార్బరా లోతు ఉంది. దాదాపు ఆరు వందల మీటర్ల అడుగున ప్రాణవాయువు దాదాపుగా లేదు. బురదను తవ్వి కలిపేసే పురుగులు అక్కడ బతకవు. అందుకని ఏడాదికో పొర చెదరకుండా మిగిలిపోతుంది. చలికాలపు వానలకు కొట్టుకొచ్చిన మట్టితో ఒక నల్లటి గీత, వసంతంలో, వేసవిలో రాలిన సూక్ష్మ నాచు పెంకులతో ఒక లేత గీత. రెండూ కలిసి ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఆ గీతల మధ్య చేపల పొలుసులు దొరుకుతాయి. కవళ్ల పొలుసు వేరు, నెత్తళ్ల పొలుసు వేరు. గొట్టంతో బురదను పైకి తీసి, పొర పొరా విడదీసి, భూతద్దం కింద ఆ పొలుసులను లెక్కపెట్టారు. 1969లో సౌటర్, ఐజాక్స్ అనే శాస్త్రవేత్తలు చూపిన దారిలోనే 1992లో బామ్‌గార్ట్‌నర్ బృందం దాదాపు 1,700 ఏళ్ల లెక్క తేల్చింది. ఇంజను పడవ లేదు, డబ్బాల కార్ఖానా లేదు. అయినా కవళ్లు తొమ్మిది సార్లు పెద్ద ఎత్తున పెరిగాయి, తొమ్మిది సార్లు కూలాయి. ఇంచుమించు అరవై ఏళ్లకు ఒక ఊపు కనిపించింది. పెద్ద వలలు లేని కాలంలో ఆ కూలడానికి ఎవరిని నిందిస్తారు?

వల: ఎవరినీ నిందించను. ఆ బురద చెప్పిన మాటను తలొంచి ఒప్పుకుంటాను. కవళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండేవని నమ్మిన పాత మత్స్యశాస్త్రాన్ని ఆ పొలుసులే సరిదిద్దాయి. కానీ అదే బురద ఇంకో మాటా చెప్పింది. కూలిన కవళ్లు కోలుకోవడానికి సగటున ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ ముప్ఫై ఏళ్లు వాటిని పెద్ద పడవలేవీ వెంటాడలేదు. ఇప్పుడు కాలిఫోర్నియాలోని మాంటెరీ రేవు చూడండి. 1936–37 సీజనులో కాలిఫోర్నియా కవళ్ల వేట ఏడు లక్షల టన్నులు దాటింది. అందులో పెద్ద వాటా మనుషుల కంచంలోకి కూడా పోలేదు. పొడిగా, నూనెగా మారి కోళ్ల మేతకు, ఎరువుకు పోయింది. ఏటా రెండున్నర లక్షల టన్నులు మించవద్దని రాష్ట్ర మత్స్యశాఖ శాస్త్రవేత్తలు ఆ దశాబ్దంలోనే హెచ్చరించారు. కార్ఖానాల వాళ్లు అన్నది మీరు అంటున్న మాటే. చేప ఎక్కడికో పోయింది, సముద్రం మారింది, మళ్లీ వస్తుంది. 1950లు వచ్చేసరికి మాంటెరీ రేవులో కవళ్లు లేవు. వేటను చట్టంతో ఆపింది 1967లో. అప్పటికి ఆపడానికి ఏం మిగిలింది?

అల: వాళ్లు స్వార్థం కోసం అన్నంత మాత్రాన ఆ మాట అబద్ధం అయిపోదు కదా. మాంటెరీ ఒక్కదాన్నే చూస్తే మీ వాదం బలంగా కనిపిస్తుంది. పసిఫిక్ మొత్తాన్ని ఒకేసారి చూడండి. కాలిఫోర్నియా కవళ్లు, జపాను కవళ్లు, పెరూ–చిలీ కవళ్లు ఇంచుమించు ఒకే తాళానికి లేస్తున్నాయని, పడుతున్నాయని 1983లోనే త్సుయోషి కవాసాకి చూపించారు. మూడు తీరాలు, మూడు ప్రభుత్వాలు, మూడు రకాల వేట. తాళం మాత్రం ఒకటే. జపానులో 1988 ప్రాంతంలో వేట 45 లక్షల టన్నుల వరకు వెళ్లింది. ఆ సంవత్సరం నుంచి వరసగా నాలుగేళ్లు కవళ్లు గుడ్లు పెట్టాయి, పుష్కలంగానే పెట్టాయి. పిల్లలు మాత్రం బతికి బట్టకట్టలేదు. వలలో పడే వయసు రాకముందే పోయాయి. 2000 తర్వాత అక్కడి వేట లక్ష టన్నుల కిందికి జారింది. సాల్మన్ కథా అంతే. 1977 ప్రాంతంలో ఉత్తర పసిఫిక్ ఒక స్థితి నుంచి మరో స్థితికి మారింది. అలాస్కాలో సాల్మన్ విరగబడింది, అదే కాలంలో దక్షిణాన వాషింగ్టన్, ఆరెగాన్ నదుల్లో తగ్గిపోయింది. ఈ ఎత్తుపల్లాలను వెతుకుతూ వెళ్లిన స్టీవెన్ హేర్ 1996లో దానికి పసిఫిక్ దశాబ్ది డోలనం అని పేరు పెట్టారు. వాతావరణ శాస్త్రానికి ఆ పేరు ఇచ్చింది చేపలే.

వల: చాలా గట్టి సాక్ష్యం, కాదనను. అయితే ఒక పరీక్ష ఉంది. ఒకే నీళ్లు, ఒకే వేడి, ఒకే డోలనం. అందులో కొన్ని జాతులను మనిషి పడతాడు, కొన్నింటిని పట్టడు. రెండు రకాలూ ఒకేలా ఊగితే తప్పు సముద్రానిదే. కాలిఫోర్నియా తీరంలో 1949 నుంచి ఓడల మీద తిరుగుతూ చేపపిల్లలను లెక్కపెడుతున్నారు. కవళ్లు కూలిన తర్వాత, ఎందుకు కూలాయో తెలుసుకోవడానికి పెట్టుకున్న కార్యక్రమమే అది. ఆ యాభై ఏళ్ల లెక్కల్ని పోల్చి చూసిన పరిశోధన 2006లో వచ్చింది. మనిషి పట్టే జాతుల ఊపు, పట్టని వాటికంటే పెద్దదిగా ఉంది. కారణం కష్టమైంది కాదు. వల ముందుగా పెద్ద చేపను, ముసలి చేపను తీసుకుపోతుంది. పెద్ద తల్లిచేప ఎక్కువ గుడ్లు పెడుతుంది. రకరకాల వయసుల తల్లులుంటే గుడ్లు వేర్వేరు సమయాల్లో, వేర్వేరు చోట్ల పడతాయి. ఒక నెల పిల్లలు పోయినా మరో నెల పిల్లలు నిలుస్తాయి. గాదె నిండుగా ఉన్న ఇంటికి కరువు వస్తే ఆ ఏడు గట్టెక్కుతారు. మనం చేసింది కరువుకు ముందే గాదె ఊడ్చేయడం. కరువును మనం తేలేదు, నిజమే. కరువులో చావును తెచ్చింది మాత్రం మనమే.

అల: ఈ దెబ్బ నాకు తగిలింది. ఊపు సముద్రానిది, ఊపు పెద్దదవడంలో వల వాటా ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ వాటా ఎంత? పెరూ సంగతి చెప్పుకుందాం. ప్రపంచంలో ఏ ఒక్క జాతి చేపా అక్కడి ఆంకోవేటా అంతగా వలకు చిక్కలేదు. మన నెత్తళ్ల బంధువే, వేలెడు చేప. అడుగు నుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. దాంతో ఎరువు లాంటి లవణాలు పైకి వస్తాయి, వాటితో ప్లవకాలు, ప్లవకాలతో నెత్తళ్లు, నెత్తళ్లతో కోట్లాది సముద్రపక్షులు. ఎల్‌నినో వచ్చిన ఏడాది వెచ్చటి నీటి దుప్పటి ఆ తీరాన్ని కప్పేస్తుంది. నీరు ఉబకడం ఆగకపోయినా, పైకి వచ్చేది లవణాలు అంతగా లేని ఆ వెచ్చటి పొర నీరే, లోతులోని చల్లటి నీరు కాదు. 1972లో జరిగింది అదే. గొలుసు మొదటి లంకె దగ్గరే తెగింది. పక్షులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. ఆ పక్షులు మన వలలో పడలేదు కదా?

వల: పడలేదు. వాటి తిండి పడింది. 1970లో నిపుణుల బృందం ఆ చేపను ఏటా 95 లక్షల టన్నుల దాకా పట్టవచ్చని లెక్క కట్టింది. ఆ ఏడాది పట్టింది కోటీ 20 లక్షల టన్నులకు పైగా. 1973కు వచ్చేసరికి 20 లక్షల టన్నులు కూడా రాలేదు. మీరు చెప్పిన దుప్పటికి ఇంకో గుణం ఉంది, దాన్ని మాత్రం మరచిపోవద్దు. వెచ్చటి నీరు కమ్ముకొచ్చినప్పుడు నెత్తళ్లు చెల్లాచెదురు కావు. ఒడ్డు పక్కన మిగిలిన కాస్త చల్లటి నీటిలోకి వచ్చి ఒత్తుకుంటాయి. 1972 మొదట్లో పెరూ పడవలకు చేప విపరీతంగా పడింది. పడవలో ఉన్నవాడికి అది పంట. నిజానికి అది చివరి గింజలు ఒకచోటికి చేరడం. సముద్రంలో చేప తరిగిపోతున్న రోజునే వలలో నిండుగా కనిపించింది. నేను వలను అనుమానించేది అందుకే. అది చంపడమే కాదు, చూపును కూడా మభ్యపెడుతుంది.

అల: మీ మాటలో న్యాయం ఉంది. కానీ నిందకు కూడా ఒక బరువు ఉంటుంది, ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూడాలి. 1940లలో మలబారు తీరంలో నూనె కవళ్లు తగ్గిపోయాయి. ఆ తీరం అప్పుడు మనతోపాటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఎక్కువ పట్టడమే కారణమని తేల్చి 1943లో మద్రాసు ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పిల్ల కవళ్లను, గుడ్లతో ఉన్నవాటిని పట్టవద్దంది. అప్పుడు ఉన్నవి ఏమిటి? తెప్పలు, తెడ్డు పడవలు, నూలు వలలు. ఇంజను లేదు, నైలాను లేదు. కొన్నేళ్లకే ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో వేట పెరుగుతున్నకొద్దీ కవళ్లు కూడా పెరిగిన కాలాలున్నాయి. సముద్రం వెనక్కి తీసుకున్న దానికి తెప్ప మీది మనిషి శిక్ష అనుభవించాడు. ఈ రోజు కూడా చేప తగ్గిందంటే మొదట వేలు చూపేది వాడి వైపే. గంగమ్మ ఇవ్వలేదని జాలరి అంటే మనకు మూఢనమ్మకంలా వినిపిస్తుంది. 1,700 ఏళ్ల బురద కూడా ఆ మాటే అంది.

వల: తెప్ప మీది మనిషిని నేను ఎన్నడూ నిందించలేదు. కానీ సముద్రాన్ని నిందించడానికి కూడా ఒక ఖరీదు ఉంది. దాన్నీ చివరికి ఆ మనిషే కడతాడు. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ చూడండి. అక్కడి కాడ్ చేప ఐదు వందల ఏళ్లు ఐరోపాకు తిండి పెట్టింది. 1980ల చివర్లో తీరంలోని చిన్న పడవలవాళ్లు చేప తగ్గింది, చిన్నదైపోయిందని మొరపెట్టుకున్నారు. దూరాన పెద్ద ట్రాలర్లు పడుతూనే ఉన్నాయి కాబట్టి కాగితాల మీద చేప ఉన్నట్టే కనిపించింది. నీళ్లు చల్లబడ్డాయి, చేప పక్కకు జరిగిందన్న మాటలూ వినిపించాయి. నీళ్లు చల్లబడ్డ మాట నిజమే. 1992 జులై 2న వేట నిలిపేశారు. ఒక్కరోజులో 30 వేల మందికి పైగా పని పోయింది. రెండేళ్ల కోసమన్న ఆ నిషేధాన్ని ఎత్తేసింది 2024లో. ముప్ఫై రెండేళ్లు. మొరపెట్టుకున్న చిన్న పడవ, వినని పెద్ద ట్రాలరు, రెండూ ఒకే రోజున ఒడ్డున పడ్డాయి.

అల: కాడ్ విషయంలో నేను వాదించను. ఇరవై ఏళ్లు బతకగల చేప అది, ఆరేడేళ్లకు గాని గుడ్లు పెట్టదు. అది కూలడానికి వలే ప్రధాన కారణం. కానీ కాడ్‌కు చెల్లిన తీర్పు కవళ్లకు చెల్లదు. ఒక్కో ప్రాణిది ఒక్కో గడియారం. వల మానేస్తే చాలు అంతా కుదుటపడుతుందన్న నమ్మకం మీద నాకు భయం. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్ మీద ఒక వెచ్చటి మడుగు నిలిచిపోయింది. అలాస్కాలో మర్ అనే సముద్రపక్షులు 40 లక్షల దాకా తిండి లేక చచ్చిపోయాయని తర్వాత అంచనా వేశారు. ఆ తర్వాత బేరింగ్ సముద్రంలో 2018–2021 మధ్య వెయ్యి కోట్ల మంచు పీతలు మాయమయ్యాయి. వాటిని ఎవరూ పట్టుకుపోలేదు. వెచ్చటి నీటిలో ఒంటికి తిండి ఎక్కువ కావాలి, ఆ తిండి లేదు. 2022లో ఆ పీతల వేటను చరిత్రలో మొదటిసారి మూసేశారు. వల మూసింది, పీత మాత్రం అప్పటికే లేదు.

వల: ఆ వేడి ఎక్కడిదండీ?

అల: మీరు అడుగుతారని తెలుసు.

వల: అడగక తప్పదు. మనం తగలేసిన బొగ్గు, చమురు వల్ల భూమి మీద పోగుపడిన అదనపు వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రమే మోస్తోంది. 1901–2012 మధ్య పశ్చిమ హిందూ మహాసముద్రం ఉపరితలం వేసవిలో 1.2 డిగ్రీలు వేడెక్కిందని పుణేలోని రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2014లో తేల్చింది. పైన వెచ్చటి నీరు తేలికగా పేరుకుంటే అడుగు నీరు పైకి రావడం కష్టం. ప్లవకాలు పలచబడతాయి. గొలుసు మళ్లీ మొదటి లంకె దగ్గరే సడలుతుంది. మీరు అల అంటున్న దానిలోనూ మన చెయ్యి ఉంది. అట్లాంటిక్‌లో కూడా ఇలాంటి ఊపు ఒకటి ఉందని 2000లో దానికి పేరు పెట్టిన వాతావరణ శాస్త్రవేత్త మైకేల్ మానే, 2021కి వచ్చేసరికి అది సముద్రం తనంతట తాను ఊగే ఊపు కాదన్నారు. పూర్వం అగ్నిపర్వతాలు, ఈ కాలంలో పారిశ్రామిక కాలుష్యం దాన్ని అలా కనిపించేలా చేశాయని వాదించారు. పేరు పెట్టిన మనిషే పేరు వెనక్కి తీసుకున్నప్పుడు, ప్రకృతి ఊపు అని దేన్నైనా అంత ధీమాగా అనగలమా?

అల: బురదలోని 1,700 ఏళ్లను చూసి అనగలను. ఈ యాభై ఏళ్లను చూసి అనలేను. అంతవరకు మీ మాట ఒప్పుకుంటాను. నిజానికి నన్ను కలవరపెట్టేది కూడా అదే. కాలిఫోర్నియాలో వెచ్చటి దశాబ్దం వస్తే కవళ్లు పెరుగుతాయి, చల్లటి దశాబ్దం వస్తే నెత్తళ్లు పెరుగుతాయని పాత లెక్క. 2014లో అంత వెచ్చదనం వచ్చినా కవళ్లు లేవలేదు. కొన్నేళ్లలో నెత్తళ్లు విరగబడ్డాయి. తాళం తప్పింది. అయితే ఆ చెయ్యి ఎవరిదో కూడా చెప్పండి. మలబారు జాలరిదా? ఉప్పాడ జాలరిదా? నూనె కవళ్లు ఒకప్పుడు దాదాపు పడమటి తీరానికే పరిమితం. 1980ల మధ్య నుంచి తమిళనాడు, ఆంధ్ర తీరాల్లోనూ పడసాగాయి. విశాఖ వలలో కొత్తగా పడ్డ ఆ చేప అదృష్టం అనుకోవాలా, సముద్రం దారి మార్చుకుంటోందన్న కబురు అనుకోవాలా? అదే తీరంలో రింగు వలల మీద జాలరుల మధ్యే తగవులు నడిచాయి. మారింది నీళ్లయితే కొట్టుకునేది మనుషులు.

వల: అందుకే నేను శిక్ష అనడం లేదు, పద్ధతి అంటున్నాను. అమెరికా పడమటి తీరంలో కవళ్లకు ఒక సూత్రం పెట్టుకున్నారు. పెద్ద కవళ్ల మొత్తం లక్షన్నర టన్నుల కిందికి పోతే వేట దానంతట అదే ఆగాలి. ఆ గీతకు పైన ఉంటే, ఎంత పట్టాలన్నది సముద్రపు వేడిని బట్టి మారాలి. అలకూ చోటు ఉంది, వలకూ హద్దు ఉంది. 2015లో కవళ్ల మొత్తం ఆ గీత దాటి కిందికి పోయింది, వేట ఆగింది. పెరూ కూడా 1972 నుంచి పాఠం నేర్చుకుంది. 2023లో వెచ్చటి నీరు వచ్చింది, వలలో పిల్ల నెత్తళ్లే ఎక్కువ కనిపించాయి. మొదటి సీజను మొత్తాన్ని రద్దు చేశారు. 2024లో అదే సీజనుకు 24.75 లక్షల టన్నులు పట్టుకోనిచ్చారు, పడవలకు చేప దొరికింది.

అల: 2024లో చేప రావడానికి ఎల్‌నినో తగ్గడం కారణం కాదా?

వల: కారణమే. కానీ నీళ్లు చల్లబడేసరికి గుడ్లు పెట్టడానికి తల్లులు మిగిలి ఉన్నాయి. 1973లో అవి మిగల్లేదు.

అల: బాగుంది, ఈ ముక్క నేను గుర్తుంచుకుంటాను. కానీ ఆ సూత్రం మీద మీకున్నంత నమ్మకం నాకు లేదు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ రేవు దగ్గర 1916 నుంచి కొలుస్తున్న నీటి వేడిని పట్టుకుని ఆ సూత్రం కట్టారు. ఆ వేడికీ కవళ్లకూ సంబంధం నిలవడం లేదని 2010లో తేలింది. వేడిని సూత్రంలోంచి తీసేశారు. తర్వాత వేరే చోటి కొలతలతో మళ్లీ కలిపారు. సముద్రాన్ని ఒక అంకెలో పట్టగలమనుకోవడం కూడా ఒక వల వేయడమే. ఇక పెరూ పద్ధతి ఇక్కడ ఎలా నడుస్తుంది? అక్కడ ప్రధానంగా ఒకే చేప, ఒకే సంస్థ కొలత, పెద్ద కంపెనీల పడవలు. ఇక్కడ ఒక్క వలలో పదుల జాతులు, తొమ్మిది తీర రాష్ట్రాలు, తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్ల వరకు ఎవరి చట్టం వారిది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం, భృతి ఇస్తున్నాం. ఆ తేదీలు క్యాలెండరులో ఉన్నాయి. ఎల్‌నినో క్యాలెండరు చూసి రాదు. సముద్రం ముఖం చాటేసిన ఏడాది జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి?

వల: దీనికి నా దగ్గర తేలిక సమాధానం లేదు. ఉందని చెప్తే అబద్ధం అవుతుంది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలను. పొయ్యి మీదికి పోయే చేప దగ్గర కాదు, పొడి అయిపోయే చేప దగ్గర. పిల్ల కవళ్లు, చిన్నా చితకా చేపలు టన్నుల కొద్దీ పొడి కార్ఖానాకు వెళుతున్నాయి. ఆ పొడి రొయ్యల మేతలో కలుస్తుంది. గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుగట్ల మీద బస్తాల్లో కనిపించే మేతలో చేపల పొడి ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గే ఏడాది ముందుగా ఆగాల్సింది ఆ దారి. పది సెంటీమీటర్ల లోపు కవళ్లు ఒడ్డున కొనేవాడు లేకపోతే వలలోకి రావు. మీరన్నట్టు సముద్రం మనకు పూర్తిగా అర్థం కాదు. అర్థం కాని దాని దగ్గర మిగిలింది అంతా పట్టుకోకూడదు. తెలియనితనానికి కూడా కొంత చేపను వదలాలి.

అల: తెలియనితనానికి కొంత వదలాలి. ఈ మాట దగ్గర మనిద్దరికీ తేడా లేదు. తేడా అంతా మొదటి ప్రశ్న దగ్గరే ఉంది. చేప తగ్గినప్పుడు మీరు ముందు వలను అడుగుతారు, నేను ముందు నీటిని అడుగుతాను. నీటిని అడగకుండా వలను ఆపితే జాలరి ఉత్తినే పస్తుంటాడు, చేపా రాదు. నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను.

వల: నేనూ నిలబడే ఉన్నాను. నీరు జవాబు చెప్పేదాకా ఆగుదామంటే తల్లిచేపలు ఆగవు. నీటి ఊపు అరవై ఏళ్లది. బోటు మీద తీసుకున్న అప్పు ఐదేళ్లది. మంత్రి పదవి కూడా ఐదేళ్లదే. ఒక మనిషి వేట జీవితం నలభై ఏళ్లు. ఎవరికీ ఒక పూర్తి ఊపు చూసే ఆయుష్షు లేదు. 2012ను చూసినవాడు అదే మామూలు అనుకుంటాడు, 2021ని చూసినవాడు అంతా అయిపోయింది అనుకుంటాడు. ఇద్దరూ పొరపడ్డారు. అందుకే రాసి పెట్టుకోవాలి. రేవు రేవునా ఏ చేప, ఎంత పొడవు, ఎన్ని టన్నులు అన్నది, ఆనాటి నీటి వేడితో సహా, ఏళ్ల తరబడి ఆపకుండా రాయాలి. పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త విశాఖ తీరంలో చూసిన రెండు వందల చేపలను బొమ్మలతో, ఇక్కడి పేర్లతో 1803లో అచ్చువేశాడు. కానాగుర్త చేపకు ఈనాటికీ శాస్త్రంలో ఉన్న పేరు ఆ తెలుగు పేరే. పేరు రాసి పెట్టారు కాబట్టి రెండు వందల ఏళ్లు నిలిచింది. లెక్క కూడా అలా నిలవాలి.

అల: సముద్రం తన లెక్కను తాను రాసుకుంటూనే ఉంది. శాంటా బార్బరా అడుగున ఈ ఏటి పొర ఇప్పుడు పడుతోంది. ఈ ఏటి పొలుసులు కూడా అందులో రాలుతున్నాయి. ఎన్ని రాలాయో ఆ బురద చెబుతుంది. తగ్గినవాటిలో అల తీసుకున్నవి ఎన్నో, వల తీసుకున్నవి ఎన్నో మాత్రం చెప్పదు. అది మనమే రాసి పెట్టాలి.